పాడువాని చెవి

పాట గొంతులో పుట్టునని లోకము తలంచును. పాడుట ఎరిగినవారు మాత్రము అది చెవిలో పుట్టుననియే చెప్పుదురు. మన సంగీతమునకు ఆధారమైన మాట శ్రుతి. వినబడునది అని ఆ పదమునకు అర్థము. ఆధారషడ్జము చెవిని పడుచున్నంతవరకే గాయకుడు దానిపై నిలువగలడు. వినికిడి తప్పిన క్షణముననే స్థానము తప్పును. శ్రుతి తల్లి, లయ తండ్రి అని పెద్దలు చెప్పిరి. ఆ తల్లిదండ్రు లిరువురును బిడ్డను చేరు త్రోవ చెవియే. ఇంత తేటయైన సంగతిని నేటి రికార్డింగు గదులలో పలువురు మరచుచున్నారు. పాడువాని నోటి యెదుట వేలకు వేలు ఖరీదు చేయు మైకును నిలుపుదురు. ఆయన చెవులకు మాత్రము చేతికందిన హెడ్‌ఫోనును తగిలించి, అందరికిని పోవు ఒకే ధ్వనిని అందులోనికి పంపుదురు. రికార్డింగు వేళ ఎవరికి కావలసిన ధ్వనిమిశ్రమమును వారి చెవికి వేరువేరుగా అమర్చుట పెద్ద కళాకారులకు చెల్లు విలాసమని ఒక అభిప్రాయము స్థిరపడియున్నది. ఆ అభిప్రాయము పొరపాటు. పల్లెనుండి వచ్చిన బృందమునకే ఆ యమరిక యొక్క అవసరము అందరికంటె ఎక్కువ.

మెదకు జిల్లా టేక్మాల్ వంటి గ్రామములో ఏకాదశినాటి భజనను శ్రద్ధగా గమనించినవారికి ఈ విషయము ఏ శాస్త్రగ్రంథమును అక్కరలేకయే బోధపడును. గుడి మండపములో భజనపరులు రెండు వరుసలుగా ఎదురెదురు కూర్చుందురు. పాట ఎత్తుకొను పెద్ద ఒక కొసన ఉండును. హార్మోనియము ఆయన మోకాలి ప్రక్కనే ఉండును. శ్రుతి ముందుగా అందవలసినది ఆయనకే కదా. మద్దెలగాని డోలకుగాని వాయించువాడు ఆయన పెదవుల కదలిక కనబడు చోటు చూచుకొని కూర్చుండును. తాళములవారు మద్దెలకు చేరువగా ఉందురు. వంత పాడువారు మిగిలిన చోటు నిండుదురు. తాళముల మ్రోత హెచ్చి తన మాట తనకు వినబడనప్పుడు పెద్ద తన అరచేతిని దొప్పవలె చెవికి ఆనించుకొని పాడును. తన గొంతును తన చెవికి త్రిప్పుకొనుటకు మనుష్యుడు కనిపెట్టిన మొదటి సాధనము ఆ అరచేయియే.

ఈ కూర్పును ఎవరును కాగితముపై గీయలేదు. ఎవరిని ఎక్కువగా వినవలెనో వారి ప్రక్కకు జరుగుట తరతరముల అనుభవముచేత ఏర్పడిన పద్ధతి. కర్ణాటక కచేరీలో గాయకుని వెనుక తంబుర, ఎడమ ప్రక్క ఫిడేలు, కుడి ప్రక్క మృదంగము అమరుట కూడ ఇట్టిదే. నాదస్వరమేళములో ఒత్తు పట్టువాడు విద్వాంసుని విడిచి దూరముగా నిలువడు. ఒగ్గుకథలో డోళ్లవారు కథకుని గజ్జెల మ్రోతను, కనుసన్నను కనిపెట్టుచు ఆయనతోపాటు అడుగులు వేయుదురు. బతుకమ్మ చుట్టును వలయముగా తిరుగు స్త్రీలకు ప్రక్కవారి చప్పట్లే తాళము. దగ్గరివారు బిగ్గరగా, దూరపువారు మెల్లగా వినబడుట ప్రకృతిధర్మము. ఆ ధర్మము ననుసరించి ఎవరి పాలు వినికిడిని వారు కూర్చున్న చోటుచేతనే పొందుచున్నారు. నేడు స్టూడియోలలో మానిటర్ మిక్సు అని పిలుచునది దీనికి యంత్రరూపము మాత్రమే.

ఇట్టి భజనబృందమొకటి తన పాటలను రికార్డు చేయించుకొన దలంచి, టేక్మాల్ నుండి జోగిపేట, సంగారెడ్డిల మీదుగా సుమారు నూరు కిలోమీటర్లు ప్రయాణించి హైదరాబాదు చేరినదని అనుకొందము. స్టూడియోలో మొదట జరుగు పని ఆ వలయమును విడదీయుట. ఒకరి మైకులో మరొకరి ధ్వని చొరబడరాదు గనుక మద్దెలవానిని అద్దాల గదిలో ఉంతురు. పెద్దను మరొక చిన్న గదిలో నిలువబెట్టుదురు. వంతవారిని వెలుపలి హాలులో ఒక్క మైకు ముందర చేర్తురు. ఇట్లు విడదీయుటలో తప్పు లేదు. పిమ్మట ఒక్కొక్క ధ్వనిని సవరించుకొనుటకు అది అవసరమే. అయితే కూర్చున్న చోటుచేత వారు పొందుచుండిన వినికిడిని తీసివేసినపుడు దానికి బదులు ఏమి ఇచ్చుచున్నారన్నదే ప్రశ్న. సాధారణముగా ఇచ్చునది అందరికిని ఒకే మిశ్రమము. అందులో కంచుతాళముల కీచుధ్వని అన్నింటిని మించి వినబడును. పెద్దకు తన గొంతు తనకు చాలదు. బలవంతముగా హెచ్చించి పాడును. మూడవ పాటకే గొంతు బొంగురుపోవును. మద్దెలవానికి తన మద్దెల రెండింతలుగా వినబడును గాని పాటలోని మాట వినబడదు. ఎక్కడ ముక్తాయింపు వేయవలెనో తెలియక తడబడును.

అద్దమునకు ఆవలనుండి ఇంజనీరు “శ్రుతి పోతోంది, మళ్లీ తీసుకుందాం” అనును. “నా గొంతు నాకే ఇనబడ్తలేదు సారూ” అని పెద్ద మొరపెట్టుకొనును. ఇంజనీరు మంచివాడే, వెంటనే హెడ్‌ఫోనుల ధ్వనిని మొత్తముగా హెచ్చించును. అన్నియు సమానముగా హెచ్చినపుడు ఏదియు హెచ్చినట్లు కాదు. చెవులు మాత్రము హోరెత్తును. గంటల చొప్పున అద్దె పెరుగుచుండును. తుదకు మద్దెలను మరియొకరిచేత వేరుగా వాయించి అతికింతురు. చెవిటివాని ముందు శంఖమూదినట్లని సామెత. ఇచ్చట శంఖమూదువానినే చెవిటివానిగా చేసి, ఊదుట రాలేదని నిందించుచున్నారు.

ఈ స్థితి ఎట్లు కలిగినదో తెలిసికొనుటకు కొంత వెనుకకు పోవలెను. 1902లో ఫ్రెడ్ గైస్‌బర్గు కలకత్తాకు వచ్చి గౌహర్ జాన్ పాటలను రికార్డు చేసిననాడు మైకు లేదు, విద్యుత్తుతో పని లేదు. గాయకురాలు పెద్ద కొమ్ముగొట్టములోనికి గొంతెత్తి పాడవలసి యుండెను. ప్రక్కవాద్యములను ఆ గొట్టమునకు దగ్గరగానో దూరముగానో ఉంచుటయే నాటి మిశ్రమము. శ్రమ అధికమే అయినను అందరును ఒకే గదిలో ఒకరినొకరు వినుచుండిరి. 1925లో విద్యుత్ మైకు వచ్చిన పిమ్మటను చాలకాలము ఇదే పద్ధతి సాగినది. ఘంటసాల (1922–1974) పాడిన కాలమున మద్రాసు స్టూడియోలలో గాయకులును వాద్యబృందమును ఒకే వేళ కలిసి పాట పూర్తిచేయుచుండిరి. ఒకరు తప్పినచో అందరును మొదటినుండి ఎత్తుకొనవలసినదే. ఆ కాఠిన్యములో ఒక మేలు కూడ ఉండెను. పాట ముగియు వరకు ఏ చెవియు ఒంటరి కాలేదు.

అమెరికాలో టేపుయంత్రముల వృద్ధితో కథ మారినది. ముందు పట్టిన ధ్వనిని వినుచు దానిపై రెండవ ధ్వనిని పట్టవలెననిన ఒక చిక్కు ఉండెను. టేపుపై వ్రాయు తలకాయ ఒకచోట, చదువు తలకాయ మరియొకచోట ఉండుటచేత రెండింటికి నడుమ కాలభేదము వచ్చుచుండెను. వ్రాయు తలకాయచేతనే పాత ధ్వనిని చదివించి ఆంపెక్స్ సంస్థ 1950ల దశాబ్దమున ఆ చిక్కును విప్పినది. ఎనిమిది వరుసల యంత్రము 1957లో గిటారు విద్వాంసుడు లెస్ పాల్‌కు చేరినది. ఎదుట లేని సహచరునితో కలిసి పాడుట నాటినుండి సులభమైనది. కలిసి పాడుచున్నామన్న భావమును కలిగించు భారమంతయు హెడ్‌ఫోనుపై పడినది. ఈ హెడ్‌ఫోను కళాకారుని కొరకు పుట్టిన వస్తువు కాదు. 1910లో నాథనియల్ బాల్డ్విన్ అను అమెరికా దేశీయుడు తన వంటయింటిలో తయారుచేసి అచ్చటి నౌకాదళమునకు పంపినది. వైర్‌లెస్ సందేశమును ఒక్కడు వినుటకు అది చాలును. పదిమంది కలిసి పాడుటకు పనికి రావలెననిన, అందులోనికి ఏమి పంపవలెనో ఆలోచించువా డొకడు ఉండవలెను.

ఆ ఆలోచన కష్టమైనది కాదు. భజనబృందమునే తీసికొందము. పెద్దకు హార్మోనియము స్పష్టముగా, తన గొంతు మితముగా, మద్దెల కొంచెముగా, తాళములు మిక్కిలి తక్కువగా వినబడవలెను. తన గొంతు మరీ బిగ్గరగా వినబడినచో ఆయన అణచి పాడును. మరీ సన్నముగా వినబడినచో అరచును. రెండింటి నడుమ ఆయనకు హితమైన మట్ట మొకటి ఉన్నది. దానిని ఆయనయే చెప్పగలడు. మద్దెలవానికి తన వాద్యము హెడ్‌ఫోనులో దాదాపు అక్కరలేదు. అది ఒడిలోనుండి ఎముకల ద్వారమున చెవికి చేరుచునే యుండును. ఆయనకు కావలసినది పెద్ద పలుకు మాట, తాళము. హార్మోనియము వాయించువానికి పెద్ద గొంతు ముందు, తన స్వరము వెనుక. తాళములవారికి మద్దెల, పాట. వంతవారికి పెద్ద గొంతుతోపాటు ప్రక్కవారి గొంతు కావలెను. వారిలో చాలమందికి ఒక చెవి మూసి ఒక చెవి తెరచియుంచుట హాయిగా ఉండును. ఇట్లు చూచినపుడు నలుగురైదుగురికి నాలుగైదు మిశ్రమములు తేలుచున్నవి. ఏ రెండును ఒకటి కావు. అందరికిని ఒకే మిశ్రమము పంపుట అందరి పాదములకు ఒకే కొలత చెప్పులు తొడిగించుట వంటిది.

దీనికి కావలసిన సామగ్రియు అపురూపము కాదు. సామాన్యమైన మిక్సరు బల్లపై ప్రతి మైకుకు నెదురుగా ఆక్స్ అను చిన్న మీటల వరుసలు కొన్ని ఉండును. మొదటి వరుసను పెద్ద చెవికి, రెండవదానిని మద్దెలవాని చెవికి, మూడవదానిని వంతవారికి కేటాయించి, వానిని నాలుగు దారుల హెడ్‌ఫోను ఆంప్లిఫయరునకు కలిపినచో చాలును. ప్రధానమీటలకు ముందే ధ్వనిని తీసికొనునట్లు ఆ వరుసలను అమర్చవలెను. అట్లయిన ఇంజనీరు తన గదిలో ఏది హెచ్చించినను తగ్గించినను పాడువారి చెవిలో మార్పు కలుగదు. వసతి గలచోట ప్రతి కళాకారుని ప్రక్కను ఒక చిన్న పెట్టెను ఉంచి, తన పాలు తానే సవరించుకొనునట్లు చేయుదురు. ఆ పెట్టెమీద “పాట”, “పెట్టె”, “మద్దెల”, “తాళాలు” అని తెలుగులో చీటీలు అంటించినచో టేక్మాల్ భజనపరుడును రెండు నిమిషములలో దానిని వశపరచుకొనగలడు.

కంప్యూటరు ద్వారమున ధ్వనిని త్రిప్పి పంపునపుడు మరొక జాగ్రత్త వలెను. గాలిలో ధ్వని సెకనుకు సుమారు 343 మీటర్లు పోవును. అనగా ఒక మీటరునకు మూడు మిల్లీసెకండ్లు. కంప్యూటరు సెకనుకు 48,000 నమూనాల చొప్పున పట్టుచు, 256 నమూనాలను ఒక మూటగా కట్టినయెడల, లోనికి పోవుటకు అయిదు, వెలికి వచ్చుటకు అయిదు, మొత్తము పది మిల్లీసెకండ్లకు పైగా ఆలస్యమగును. మద్దెల అంత ఆలస్యముగా వినబడినచో మూడు నాలుగు మీటర్ల దూరమున కూర్చున్నట్లుండును, అది సహింపదగినదే. పాడువానికి తన గొంతే ఆలస్యముగా వచ్చినపుడు సంగతి వేరు. ఎముకల ద్వారమున అప్పుడే విన్న ధ్వని మరల వచ్చి ఢీకొనగా గొంతు బోలుగా, పరాయిదిగా తోచును. అట్టివేళ గాయకుని గొంతును కంప్యూటరునకు పోకమునుపే చీల్చి నేరుగా ఆయన చెవికి పంపవలెను. ధ్వనిపరిమాణము కూడ అదుపులో ఉండవలెను. వారమునకు 40 గంటల వరకు 80 డెసిబెల్లులు పెద్దలకు క్షేమమనియు, ప్రతి మూడు డెసిబెల్లుల హెచ్చునకు ఆ కాలము సగమగుననియు ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. వేరు మిశ్రమము ఇచ్చినచోట ధ్వనిని అంతగా హెచ్చింపవలసిన పనియే ఉండదు.

దీనికి ఎదురుచెప్పువారు లేకపోలేదు. కాలము, ధనము వ్యర్థమని కొందరందురు. పాట మొదలిడుటకు ముందు ఈ సవరణకు పట్టునది పావుగంటయో అరగంటయో. అది చేయని చోట ఒకే పాటను పదిమార్లు పాడించుటలో పోవు కాలము దానికంటె చాల ఎక్కువ. ఏ హెడ్‌ఫోనును లేకయే పూర్వులు పాడలేదా అని మరికొందరందురు. పాడిరి, అయితే పూర్వులను గోడల నడుమ విడదీసి ఎవరును పాడింపలేదు. వలయమును పగులగొట్టి, వలయములో పాడినవారిని దృష్టాంతముగా చూపుట న్యాయము కాదు.

మూడవ ఆక్షేపణ బరువైనది. ఎవరి మిశ్రమము వారికిచ్చినచో ఎవరి లోకము వారిదగును, తన గొంతునే పెంచుకొని వినువాడు తోటివానిని మరచును, గోష్ఠి నశించునని దాని సారాంశము. ఇందులో నిజమున్నది. ఒకే గదిలో కూర్చుండియు ఒక్కొక్కరు తమ చెవులలో తాము మునిగి, పాట ముగిసిన పిమ్మట ఒకరి మొగమొకరు చూడని రికార్డింగులు లేకపోలేదు. అయితే ఆ దోషమునకు మందు అందరికి ఒకే మిశ్రమమును పోయుట కాదు; ఆ మిశ్రమము ఎవరికిని సరిపడకపోవుటచేతనే పలువురు హెడ్‌ఫోనును లోలోన ద్వేషించుచు పాడుచున్నారు. వేరు మిశ్రమమును పంచునపుడు రెండు నియమములు పాటింపవలెను. మొదటిది, ఏ మిశ్రమములోను ఏ సహచరుడును బొత్తిగా లేకుండ పోరాదు. ఎవరి పాలు ఎంత పెరిగినను తక్కినవారు అందులో ఉండవలెను. గదిలో పైన కట్టిన ఒక మైకు ధ్వనిని కూడ అందరికిని కొంచెముగా కలుపవలెను. రెండవది, కన్ను కన్నును కలియవలెను. అద్దాల గది యైనను, పెద్ద మొగము మద్దెలవానికి కనబడునట్లు నిలుపవలెను. భజనలో సగము సంజ్ఞలు కనుబొమలతోనే జరుగును. వానిని ఏ తీగయు మోయజాలదు. స్టూడియోకు రాగానే ఒక పాటను హెడ్‌ఫోనులు లేకుండ, తమ అలవాటు ప్రకారము కూర్చుండి పాడనిచ్చి, ఎవరు ఎవరి ప్రక్కన చేరిరో ఇంజనీరు చూచుకొనవలెను. ఆయన ఇయ్యవలసిన మిశ్రమముల పటము ఆ కూర్పులోనే ఉన్నది.

ఈ సందర్భముననే క్లిక్ అను టిక్కుటిక్కు శబ్దమును గూర్చియు ఒకమాట చెప్పవలసియున్నది. నడక చెడకుండుటకై దానిని అందరి చెవులలోను మ్రోగింతురు. సినిమాపాటకు అది తగియుండవచ్చును. భజన నడక వేరు. మెల్లగా ఎత్తుకొని, చరణము చరణమునకు ఊపు పెరిగి, తుదకు తాళములు ఒకదానినొకటి తరుముకొను వేగమునకు చేరుట దాని ప్రాణము. మొదటినుండి తుదివరకు ఒకే వేగమున కొట్టుకొను యంత్రమును పెద్ద చెవిలో పెట్టినచో ఆ ఊపు పుట్టుటకు చోటే లేదు. వేరు మిశ్రమము ఇచ్చుటలోని మేలు ఇచ్చటను కనబడును. క్లిక్ కావలసినవారికే దానిని పంపి, తక్కినవారిని దాని బారినుండి తప్పింపవచ్చును. అవసరము లేనిచోట దానిని మాన్పి, మద్దెలకే ఆ అధికారమును అప్పగింపవచ్చును.

ఇంత చిన్న ఏర్పాటునకు ఇంత వాదమేల అని ఎవరైన అడుగవచ్చును. పల్లెపాట నేడు స్టూడియో గడప త్రొక్కుచున్నది. దర్శనం మొగులయ్య పన్నెండు మెట్ల కిన్నెర 2021లో “భీమ్లా నాయక్” చిత్రగీతమున వినబడినది. 2022లో ఆయనకు పద్మశ్రీ లభించినది. బతుకమ్మ వచ్చినను, బోనాలు వచ్చినను కొత్త రికార్డింగులు యూట్యూబులో వెల్లువయగును. మంజీరా తీరమున ఏడుపాయల జాతరకు పోవువారి చేతులలోని ఫోనులలో మ్రోగుపాటలును స్టూడియోలలో పుట్టినవే. పాట నేర్చుకొను పిల్లలకు గుడి మండపముకంటె ఫోనే దగ్గరగా ఉన్నది. పెద్దలు పోయిన పిమ్మట మిగులునది ఆ రికార్డే. వినబడక గొంతు బిగించి పాడిన పాటయే రేపటి పిల్లలకు ప్రమాణమగును. మా తాతలు ఇట్లే పాడిరని వారు నమ్ముదురు. తాతలు అట్లు పాడలేదని చెప్పుటకు అప్పటికి ఎవరును ఉండరు.

జహీరాబాదు చెంత మాచనూరులో పల్లె దళిత స్త్రీలు నడుపు సంఘం రేడియో 2008లో ప్రారంభమైనది. పాడువారును, పాటను పట్టువారును ఒకే నేలవారై, ఒకే మాట మాటలాడువారైనచోట “నీకేం ఇనబడాలె?” అని అడుగుటకు సంకోచముండదు. నగరపు స్టూడియోలలో కొరవడినది ఆ ప్రశ్నయే. వేదికపై కళాకారునికి శాలువ కప్పువారు, పల్లెపదములను కాపాడవలెనని ఉపన్యసించువారు, రికార్డింగులకు ధనమిచ్చు సంస్థలు, ఆ ప్రశ్నను ఒక నియమముగా పెట్టవలెను. ప్రతి బృందమునకును వేరు మిశ్రమములు ఇచ్చు సదుపాయము, పాడువారు ఇంజనీరుతో తిరిగి మాటలాడుటకు ఒక మైకు, పాటకు ముందు అరగంట వ్యవధి, ఈ మూడును ఒప్పందములో వ్రాయించుట వారికి భారము కాదు.

అరచేతిని చెవికి ఆనించుకొని పాడు టేక్మాల్ పెద్ద తన కేమి కావలెనో ఏనాడో చెప్పుచునే యున్నాడు. హెడ్‌ఫోను తగిలించునపుడు ఆ చేయి ఏ చెవిమీద ఉన్నదో చూచి, ఆ చెవికి ఆయన గొంతును ఆయనకు తిరిగి ఇచ్చినచో ఆ పాట రేపటివారికి సరిగా చేరును.